శిలాచరిత్రకు గాజుపలకల సాక్ష్యము

రసాయనశాస్త్రజ్ఞుడు తాను పరీక్షింపదలచిన ద్రవ్యమును గాజునాళికలో నుంచుకొని తన గదిలోనే కూర్చుండి పరీక్షించుకొనగలడు. వృక్షశాస్త్రజ్ఞుడు ఆకును, పూవును కాగితముల నడుమ నొత్తి దాచుకొనగలడు. భూగర్భశాస్త్రజ్ఞుడు మాత్రము కొండనుండి గుప్పెడు రాతిముక్కలను తెచ్చుకొనగలడే గాని, ఆ రాళ్లు ఏ పొరపై ఏ పొరగా అమరియుండెనో, ఎచ్చట వంగి ఎచ్చట తెగిపోయెనో చెప్పగల కొండను తెచ్చుకొనజాలడు. చూచినదానిని చూడనివారికి నమ్మకము కలుగునట్లు చూపుటకు ఆతడు చిరకాలము తన పెన్సిలునే ఆశ్రయించెను. ఆ రేఖాచిత్రములలో స్పష్టత గలదు, నేర్పు గలదు; కాని గీయువాని చేతితో పాటు ఆతని అభిప్రాయమును అందు చేరును. ఛాయాచిత్రము ఈ కొరతను తీర్చుటకై శాస్త్రములోనికి వచ్చినది. అయితే దానిని తీసినవారు ఊహింపని మరియొక ప్రయోజనము కాలక్రమమున దానికి సిద్ధించినది. దృశ్యమునకు సాక్ష్యముగా పుట్టిన పటము, వందేండ్లు గడచిన పిమ్మట మార్పును కొలుచు సాధనమైనది.

ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చరు అను ఆంగ్లేయుడు తడి కొలోడియన్ పద్ధతిని 1851లో ప్రకటించెను. అదే సంవత్సరమున థామస్ ఓల్డ్‌హామ్ కలకత్తా చేరుటతో భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు పునాది పడినది. ఆర్చరు పద్ధతిలో శుభ్రమైన గాజుపలకపై కొలోడియన్ పోసి, దానిని చీకటిలో సిల్వర్ నైట్రేట్ ద్రావణమున ముంచి, తడి ఆరకముందే కెమెరాలో నుంచి కాంతిని సోకనిచ్చి, వెంటనే మరల చీకటి గుడారములోనికి కొనిపోయి రూపమును తేల్చవలెను. ఇదంతయు కొద్ది నిమిషములలో ముగియవలెను. పలక ఆరినచో శ్రమ వ్యర్థము. కావున శిఖరముపైనుండి ఒక చిత్రము తీయదలచినవాడు బరువైన కెమెరాతో, పగులు గాజుపలకలతో, రసాయనముల సీసాలతో, నీళ్లతో, గుడారముతో సహా ఆ శిఖరము నెక్కవలసియుండెను. ఆకాలపు చిత్రములను చూచునపుడు ఈ ప్రయాసను మనసున నుంచుకొనుట మన ధర్మము.

ఈ ప్రయాసకు ఉత్తమమైన ఫలము అమెరికా పశ్చిమభాగమున లభించినది. అంతర్యుద్ధము ముగిసిన పిమ్మట ఆ విశాలభూమిని పరిశోధించుటకు క్లారెన్స్ కింగ్, ఫెర్డినాండ్ హేడెన్, జాన్ వెస్లీ పవెల్, జార్జి వీలర్ అనువారల నాయకత్వమున నాలుగు సర్వేక్షణములు బయలుదేరెను. యుద్ధభూమిలో గెటిస్‌బర్గ్ మృతులను చిత్రించిన తిమొతీ ఓసల్లివన్ 1867లో కింగ్ బృందమున చేరి, నెవాడా ఎడారిలోని ఇసుకదిబ్బలను, పిరమిడ్ సరస్సు ఒడ్డున సున్నపు నిక్షేపములతో లేచిన శిలాకూటములను చిత్రించెను. వర్జీనియా సిటీయొద్ద కామ్‌స్టాక్ వెండిగనులలోనికి దిగి, సూర్యకాంతి చొరని ఆ సొరంగములలో మెగ్నీషియమును మండించి, ఆ వెలుగున గనికార్మికులను, దిమ్మలకు దిమ్మలు ఆన్చిన దూలముల కట్టడమును పలకకెక్కించెను. 1871లో వీలరుతో కూడి కొలరాడో నదిపై పడవలలో ఎదురీది తీసిన పలకలలో పెక్కు రాజధానికి చేరకమునుపే నశించినవి. అట్టి నష్టముల తరువాత మిగిలినవే నేడు మనము చూచుచున్నవి.

ఆతడు 1873లో న్యూమెక్సికోలోని ఎల్ మోరో అను ఇసుకరాతి కొండయొద్ద తీసిన ఒక చిత్రమును ఇచ్చట కొంత నిదానించి చూడవలెను. ఆ దారిని పోయిన ఒక స్పానిష్ అధికారి 1726లో తన పేరును, ప్రయాణమును ఆ రాతిపై చెక్కించియుండెను. ఓసల్లివన్ ఆ అక్షరములకు ఎదురుగా కెమెరాను నిలిపి, వాని క్రింద గజపుబద్ద నొకదానిని ఆనించి చిత్రము తీసెను. ఆకాశము లేదు, దూరపు కొండలు లేవు. రాయి, అక్షరము, కొలబద్ద, ఇంతే. అలంకారము కోరు చిత్రకారుడు ఆ బద్దను తొలగించియుండును. శాస్త్రమునకు పనిచేయువాడు దానిని తానై తెచ్చి నిలిపెను. ఆ బద్దయే లేకున్న అక్షరములు జానెడో బారెడో ఎవరు చెప్పగలరు? భూగర్భ ఛాయాచిత్రమునకు గల విశిష్టత యంతయు ఈ చిన్న వస్తువునందు నిలిచియున్నదని నా విశ్వాసము.

హేడెన్ బృందమున చేరిన విలియం హెన్రీ జాక్సన్ చిత్రములు మరియొక విధమున చరిత్రకెక్కినవి. ఆతడు 1871లో యెల్లోస్టోన్ ప్రాంతమున ఉష్ణజలధారలను, అంచెలంచెలుగా పేరుకొన్న సున్నపుమెట్లను చిత్రించెను; అదే యాత్రలో థామస్ మోరన్ అను చిత్రకారుడు ఆ రంగులను కుంచెతో పట్టెను. వేడినీళ్లు నింగికెగయుననుట అతిశయోక్తియని తలచినవారికి జాక్సన్ పటములు సమాధానము చెప్పినవి. అవి అమెరికా శాసనసభ్యుల యెదుట నుంచబడెను. 1872 మార్చి 1న అధ్యక్షుడు గ్రాంటు సంతకముతో ఆ ప్రదేశము జాతీయోద్యానమైనది. 1879లో ఈ సర్వేక్షణముల కార్యము నవలంబించి అమెరికా భూగర్భ సర్వేక్షణ సంస్థ స్థాపితమయ్యెను.

ఆరిన జెలటిన్ పలకలు వాడుకలోనికి వచ్చిన పిమ్మట ఛాయాగ్రహణము నిపుణుని చేతినుండి శాస్త్రజ్ఞుని చేతికే వచ్చినది. బ్రిటిష్ అసోసియేషన్ వారు 1889లో భూగర్భ ఛాయాచిత్రములను సేకరించుటకే యొక సంఘమును నియమించిరి. 1906 ఏప్రిల్ 18న సాన్ ఫ్రాన్సిస్కో భూకంపము సంభవించినపుడు, సమీపమున బర్కిలీలో నున్న గ్రోవ్ కార్ల్ గిల్బర్టు అను శాస్త్రజ్ఞుడు కెమెరాతో భ్రంశరేఖ వెంబడి నడచెను. మారిన్ ప్రాంతమున నొక పొలపు కంచె తెగి, దాని రెండు భాగములు సుమారు ఎనిమిదిన్నర అడుగులు ప్రక్కకు జరిగి నిలిచిన దృశ్యము ఆతనికి కనబడెను. నిలువుగా గాక అడ్డముగా భూమి జరిగెనని ఆ కంచెకంటె స్పష్టముగా చెప్పినది మరియొకటి లేదు. త్రిభుజీకరణ కొలతల ఆధారమున హ్యారీ ఫీల్డింగ్ రీడ్ 1910లో ప్రకటించిన సిద్ధాంతము, అనగా ఒత్తిడికి వంగిన భూభాగము తెగి తన స్థితికి మరలుటయే భూకంపమని చెప్పునది, పాఠ్యగ్రంథములకెక్కినపుడు ఆ కంచె చిత్రమును దానితో పాటు ఎక్కినది.

ఆ రీడ్ మహాశయుడే అంతకుమునుపు 1890, 1892 సంవత్సరములలో అలాస్కాలోని మ్యూయిర్ హిమానీనదమును సర్వే చేసి చిత్రించెను. హిమానీనదము మెల్లగా ముందునకు సాగుట, వెనుకకు తగ్గుట ఒక మనుష్యుని చూపునకు అందునవి కావు. కావున వానిని తరతరములవారు ఒకే తావునుండి చూడవలసియుండును. విలియం ఫీల్డ్ 1941 ఆగస్టు 13న మ్యూయిర్‌ను చిత్రించిన తావుననే నిలిచి బ్రూస్ మోల్నియా 2004 ఆగస్టు 31న మరల చిత్రించెను. మొదటి పటమున లోయనిండ మంచు; రెండవదాన నీరు, ఒడ్డున పచ్చదనము. అరువది మూడేండ్లలో ఆ మంచుముఖము సుమారు 7 మైళ్లు వెనుకకు పోయినది. మన దేశమునను భూగర్భ సర్వేక్షణ శాఖవారు 1906లో కుమావూన్, లాహుల్, కాశ్మీర ప్రాంతముల హిమానీనదముల కడకు పోయి, వాని ముఖములను కొలిచి, చిత్రించి తమ పత్రికలో ప్రకటించిరి. పిండారీ వంటి హిమానీనదముల క్షయమును లెక్కించుటకు నేటి శాస్త్రజ్ఞులు ఆ పాత పటములనే మొదటి మెట్టుగా గ్రహించుచున్నారు.

ఒకే తావున మరల నిలుచుట సులభమైన పని గాదు. మార్క్ క్లెట్, ఎలెన్ మాంచెస్టర్, జోఆన్ వెర్‌బర్గ్ అనువారు 1977లో ఆరంభించి రెండుమూడేండ్లలో ఓసల్లివన్, జాక్సన్ మున్నగువారి దృశ్యములను పెక్కింటిని పునశ్చిత్రణము చేసిరి. పాత పటమున దగ్గరి బండ అంచు దూరపు శిఖరమున ఏ బిందువును తాకుచున్నదో చూచి తావును నిర్ణయింపవలెను; నీడల పొడవును, వాలును బట్టి ఋతువును, వేళను ఊహింపవలెను. ఇట్లు చేసినపుడు యూటాలోని వీబర్ లోయలో ఓసల్లివన్ 1869లో తీసిన యొక చిత్రమున కెమెరాను ప్రక్కకు వంచెనని తేలినది. పెన్సిలునందే గాక కటకమునందును మానవుని అభిప్రాయము చొరబడునని ఈ పరీక్షవలన తెలిసినది. ఆ సంగతి బయటపెట్టినదియు మరియొక ఛాయాచిత్రమే యగుట గమనింపదగినది. ఇట్లే, రైలుమార్గము కొరకు 1889–90లో రాబర్ట్ స్టాంటన్ బృందము గ్రాండ్ క్యానియన్ పొడవునను తీసిన పటములను రాబర్ట్ వెబ్ ఒక శతాబ్దము తరువాత సరిపోల్చి, ఒడ్డున చెట్లు పెరిగిన విధమును, ఉపలోయలనుండి బురదతో రాళ్లు కొట్టుకొనివచ్చిన సంఘటనలను నిర్ధారించెను. రైలు రాలేదు గాని పటములు పనికివచ్చినవి.

కావున ఈ వారసత్వమనగా గాజుపలక యొక్కటే కాదు. ఏ తావున, ఏ దినమున, ఏ దిక్కునకు తిరిగి తీసిరో తెలుపు నోటుపుస్తకము దానితో కూడియుండవలెను. తేదీ లేని శాసనము చరిత్రకారునకు ఎంత చిక్కో, స్థలము వ్రాయని భూగర్భ చిత్రము శాస్త్రజ్ఞునకు అంత చిక్కు. పలకలను తేమనుండి కాపాడి, అంకెలకెక్కించి, వాని వివరములతో కూడ ఎల్లరకు అందునట్లు చేయు గ్రంథాలయములు చేయుచున్నది పాత వస్తువుల పరిరక్షణము మాత్రమే కాదు. పరిశోధన కొరకు పరికరములను సిద్ధము చేయుట.

మన తెలుగునాట చీమకుర్తి, కరీంనగర్ ప్రాంతములలో గ్రానైటు కొరకు కొండలు కరిగిపోవుచున్నవి. విశాఖ తీరమున ఎర్రమట్టి దిబ్బలు వానకును మనుష్యులకును ఒరసికొని తరుగుచున్నవి. భూగర్భశాస్త్రము చదువు విద్యార్థి ఈ తావులకు పోవునపుడు చిత్రమున కొలబద్ద నుంచి, నిలిచిన చోటును, తేదీని, దిక్కును వ్రాసికొనుట అలవరచుకొన్నచో, ఆతని తరువాతి తరములవారు ఆ చిత్రముతో ఏమి కనుగొందురో ఆతడు నేడు చెప్పజాలడు. ఓసల్లివన్ కూడ చెప్పజాలకపోయెను. అయినను వివరము వ్రాయువాడు వారికి ఆ అవకాశమునిచ్చును. వ్రాయనివాడు దానిని శాశ్వతముగా తీసివేయును.