పరదేశమున మన యాడుబిడ్డలు



నేను హఫీజ్‌పేట నివాసిని. మా పరిసరములందలి కంప్యూటరు కచేరీలలో పనిచేసి, అమెరికాకును ఇంగ్లండునకును తరలిపోయిన తెలుగుపడుచు లెందఱో కలరు. మొన్న మా పొరుగింటి యమ్మాయి అమెరికానుండి ఫోనుచేసి, వీధిలో నొక తెల్లవాడు తన జాతిని, ఆడుతనమును కలిపి నీచముగా మాటాడెనని యేడ్చెను. తండ్రి మొదట "నీవేమి చేసితివమ్మా?" యని యడిగెను. నిప్పు లేనిదే పొగ రాదని యాయన తలంపు. ఆ సామెత యిచ్చట చెల్లునా? చరిత్ర నడుగుదము.

1860లో చెన్నపట్టణమునుండి 'ట్రూరో' యను ఓడ కూలివాండ్రను దక్షిణాఫ్రికాలోని నేటాలునకు గొనిపోయెను. పిమ్మట ఆ రేవునుండి తెలుగువారు వేలకొలదిగా నేటాలునకును, 1903 మొదలు ఫిజీకిని పోయిరి. నూర్గురు పురుషులకు నలువదిమంది స్త్రీలు చాలునని దొరతనమువారి నియమము. ఆ యేర్పాటువలన తోటలలో హత్యలును ఆత్మహత్యలును పెరిగెను. అధికారులు తమ నియమమును నిందించుకొనక, కూలిస్త్రీలు శీలము లేనివారని వ్రాసిరి. 1913లో ఫిజీలో కుంతి యను ఉత్తరదేశపు స్త్రీ, తనను చెఱుపవచ్చిన ఓవర్సీయరు బారినుండి తప్పించుకొనుటకై నదిలో దూకెను. అధికారులు ఆమె మాటను కొట్టివేయ జూచిరి. ఆమె నడతనే శంకించిరి. స్వదేశము మాత్రము నమ్మెను. ఆ యలజడి పెరిగి పెరిగి, 1917లో కూలీల యెగుమతి నిలిచెను. 1920 జనవరి 1వ తేదీన ఫిజీలో మిగిలిన ఒడంబడికలును రద్దయ్యెను.

ఇక 1979లో జరిగిన దానిని వినుడు. పెండ్లికై లండను చేరిన 35 ఏండ్ల భారతీయ ఉపాధ్యాయినికి హీత్రో విమానాశ్రయమున కన్యాత్వపరీక్ష చేసిరి. ఆసియా స్త్రీ పెండ్లికి ముందు కన్యగా నుండియే తీరునని అధికారుల నమ్మకము! దేశదేశముల నిరసన చెలరేగగా ఆ యాచారము మానిరి.

చూచితిరా? ఆనాడు మన స్త్రీలు శీలహీనలు. ఈనాడు నోరులేని కన్యలు. రెండు నిందలును ఒకదాని కొకటి పొసగవు. కావున ఆ పొగ మన పడుచుల యింట పుట్టినది కాదు. చూచువారి కన్నులలో పుట్టినది.

1985లో అమెరికాలోని న్యూజెర్సీయందు దక్షిణాసియా స్త్రీలు కొందఱు 'మానవి' యను సంస్థను నెలకొల్పి, హింసకు గురియైన తమవంటి స్త్రీలకు అండగా నిలిచిరి. ఇట్టి యాలోచన చెప్పువారి పద్ధతి సులభమైనదే. ఆమె భాషలో వినవలెను, తప్పు నీది కాదని చెప్పవలెను, జరిగిన చోటు, దినము, పలికిన మాటలు వ్రాసి యుంచుకొమ్మనవలెను, చట్టపుదారి చూపవలెను. నిర్ణయము మాత్రము ఆమెదే.

ఈ సంగతులన్నియు ఆ తండ్రికి చెప్పితిని. ఆయన చాలసేపు మాటాడలేదు. ఆ రాత్రియే బిడ్డకు ఫోనుచేసి, "చెప్పు తల్లీ, వినుచున్నాను" అనెను. పెద్దలారా, మన యిండ్ల బిడ్డలు ఏ దేశమునుండి పిలిచినను, మన మొదటిమాట అదియే కావలెను.