ఆంగ్లభాషలో క్రియాజన్య నామములు

ఆంగ్లమున క్రియకు ప్రత్యయము చేరగా నేర్పడు నామములకు క్రియాజన్య నామములని పేరు. వీనిలో మిక్కిలి వ్యాపకమైనది దేశ్యమగు 'ఇంగ్' ప్రత్యయము. తెలుగున 'ట' వలె నిది, కొన్ని సహాయక క్రియలు దక్క, ప్రతి క్రియకును చేరి 'రీడింగ్' వంటి రూపముల నిచ్చును. 'టీచర్' నందలి 'ఎర్' కర్తను దెలుపును. 'గ్రోత్' నందలి 'త్' మాత్రము నేడు దాదాపు నిర్జీవము.

1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట రాజసభలందును, న్యాయస్థానములందును ఫ్రెంచి చిరకాలము నెలకొనియుండుటచేత, 'మెంట్', 'ఏషన్', 'అన్స్', 'అల్' మున్నగు ప్రత్యయములు తొలుత ఎరువు పదములతో ప్రవేశించి, క్రమముగా స్వదేశ క్రియలను సైతము ఆశ్రయించినవి; జెర్మానిక్ క్రియయగు 'స్టార్వ్' నకు లాటిన్ మూలకమైన 'ఏషన్' తగులుకొని 'స్టార్వేషన్' పుట్టుట ఇందులకు విచిత్రోదాహరణము.

ఏ క్రియ ఏ ప్రత్యయమును గ్రహించునో నిర్ణయింపగల సంపూర్ణ సూత్రము లేదు. అయినను 'ఐజ్' తో ముగియు క్రియలు ప్రాయికముగా 'ఏషన్' నే కోరును. 'అల్' ప్రత్యయము 'అరైవ్', 'రెఫ్యూజ్' వలె తుదియక్షరమున ఊనిక గల క్రియలనే వరించును. 'బరియల్' దీనికి లొంగదు. ప్రాచీనాంగ్లమున 'బిర్గెల్స్' అను ఏకవచనమును జనులు బహువచనముగా భ్రమించి తుది సకారమును తొలగింపగా మిగిలిన రూపమే, 'అల్' అంతమగు పదముల సామ్యముచే, నేటి ఆకృతిని దాల్చినది.