రక్షణ ఉత్తర్వుల నమోదు

రక్షణ ఉత్తర్వుల నమోదు అనగా గృహహింసకు గురైన మహిళకు న్యాయస్థానం ఇచ్చిన రక్షణ ఉత్తర్వు వివరాలను భద్రపరచి, అవసరమైనపుడు పోలీసులకు, ఇతర న్యాయస్థానాలకు అందుబాటులో ఉంచే ఏర్పాటు. ఉత్తర్వు అమలులో ఉన్నదని తెలిసినపుడే దాని ఉల్లంఘనపై వెంటనే చర్య తీసుకోవడం సాధ్యమవుతుంది. అమెరికా వంటి దేశాలలో ఇందుకు ప్రత్యేక రిజిస్టర్లు ఉన్నాయి. భారతదేశపు గృహహింస చట్టం అటువంటి జాతీయ రిజిస్టరును ఏర్పరచలేదు. ఇక్కడ ఆ పనిని న్యాయస్థానం, పోలీసు స్టేషను, రక్షణ అధికారి కార్యాలయాలలోని రికార్డులు కొంతవరకు నెరవేరుస్తాయి.

చట్టం

గృహహింస నుండి మహిళల రక్షణ చట్టం 2005లో ఆమోదం పొంది, 2006 అక్టోబరు 26 నుండి అమలులోకి వచ్చింది. శారీరక, లైంగిక హింసతో పాటు మాటలతో, మానసికంగా, ఆర్థికంగా వేధించడం కూడా ఈ చట్టం ప్రకారం గృహహింసయే. బాధితురాలు స్వయంగా గాని, రక్షణ అధికారి ద్వారా గాని, ఆమె తరఫున మరొకరు గాని మెజిస్ట్రేటుకు దరఖాస్తు చేయవచ్చును. మొదటి విచారణ సాధారణంగా 3 రోజులలోపు జరగాలి. ఆ తేదీ నుండి 60 రోజులలో దరఖాస్తును పరిష్కరించేందుకు మెజిస్ట్రేటు ప్రయత్నించాలి. అత్యవసరమైతే 23వ సెక్షను క్రింద ప్రతివాది హాజరు కాకుండానే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వవచ్చును.

18వ సెక్షను క్రింద ఇచ్చే రక్షణ ఉత్తర్వు, ప్రతివాది హింసకు పాల్పడరాదని, బాధితురాలు పనిచేసే చోటికి వెళ్ళరాదని, ఆమెతో ఏ విధంగానూ సంప్రదింపులు జరపరాదని నిషేధించగలదు. రద్దు చేయమని బాధితురాలు కోరేవరకు ఇది అమలులో ఉంటుంది. పరిస్థితులు మారితే మెజిస్ట్రేటు కారణాలు వ్రాసి దీనిని మార్చవచ్చును లేదా రద్దు చేయవచ్చును.

ప్రతుల పంపిణీ

24వ సెక్షను ప్రకారం ఉత్తర్వు ప్రతిని ఉభయపక్షాలకు, దరఖాస్తు దాఖలైన పరిధిలోని పోలీసు స్టేషను అధికారికి, అక్కడి సేవాసంస్థకు ఉచితంగా ఇవ్వాలి. పోలీసుల వద్ద ఉత్తర్వు రికార్డుకు ఇదే ఆధారం.

ఉల్లంఘన

31వ సెక్షను ప్రకారం రక్షణ ఉత్తర్వును గాని, మధ్యంతర రక్షణ ఉత్తర్వును గాని ఉల్లంఘిస్తే ఒక సంవత్సరం వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. ఇది బెయిలుకు వీలులేని నేరం. వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయవచ్చును. బాధితురాలి సాక్ష్యం ఒక్కటే ఆధారంగా న్యాయస్థానం నేరాన్ని నిర్ధారించవచ్చును.

భైంసా ప్రాంతం

భైంసా నిర్మల్ జిల్లాలోని రెవెన్యూ డివిజను కేంద్రం. 2016 అక్టోబరు 11 వరకు ఇది ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా పొరుగునే ఉండడం వలన సరిహద్దుకు ఇరువైపులా వియ్యాలు ఉన్నాయి. ఉదాహరణకు, అత్తవారిల్లు ధర్మాబాదులో ఉన్న మహిళ భైంసాలోని పుట్టింటికి వచ్చి తాత్కాలికంగా ఉంటున్నా, 27వ సెక్షను ప్రకారం ఇక్కడి పరిధిలోని మెజిస్ట్రేటును ఆశ్రయించవచ్చును. ఆ ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది. కాని 24వ సెక్షను క్రింద ప్రతి చేరేది దరఖాస్తు దాఖలైన పరిధిలోని స్టేషనుకు మాత్రమే. ఉల్లంఘన ధర్మాబాదులో జరిగితే, ఆమె చేతిలోని ప్రతియే ముఖ్య ఆధారమవుతుంది. ఆమె ఇల్లు విడిచి పారిపోవలసి వచ్చి కాగితాలు వెంట లేకపోతే ఆలస్యం జరగవచ్చును. ఉమ్మడి రిజిస్టరు తీర్చగల లోటు ఇదే. జిల్లాల విభజనకు పూర్వం ఇచ్చిన ఉత్తర్వులు జిల్లా మారినంత మాత్రాన చెల్లకుండా పోవు.

ఇతర దేశాలలో

అమెరికాలో 1994 నాటి చట్టం ఒక రాష్ట్రపు రక్షణ ఉత్తర్వును ఇతర రాష్ట్రాలు గౌరవించాలని నిర్దేశించింది. 1997 నుండి జాతీయ నేర సమాచార కేంద్రంలో ఈ ఉత్తర్వులకు ప్రత్యేక విభాగం నడుస్తున్నది. టెక్సాస్ రాష్ట్రం 2020లో ఆన్‌లైన్ రిజిస్టరును ప్రారంభించింది.

పరిమితులు

నమోదు ఎంత పకడ్బందీగా ఉన్నా, ఫిర్యాదు అందగానే స్పందించే సిబ్బంది లేకపోతే ప్రయోజనం స్వల్పం. రక్షణ అధికారులను నియమించని ప్రాంతాలలో, జిల్లా, తాలూకా స్థాయిలలోని మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారులను గుర్తించి ఆ బాధ్యత అప్పగించాలని సుప్రీంకోర్టు 2025 మే 20న రాష్ట్రాలను ఆదేశించింది. బాధితురాలి చిరునామా ప్రతివాదికి తెలిసే ప్రమాదం ఉన్నందున ఇటువంటి రికార్డులలో గోప్యత అవసరం. 16వ సెక్షను రహస్య విచారణకు అవకాశమిస్తున్నది. తక్షణ సహాయానికి 181 మహిళా సహాయవాణిని, 112 నంబరును సంప్రదించవచ్చును.