కారు కన్నా ముందు కాగితం

2001 డిసెంబర్ 13న పార్లమెంటు ఆవరణలోకి చొరబడిన తెల్ల అంబాసిడర్‌ను అంతకు రెండు రోజుల ముందే కరోల్ బాగ్‌లోని ఒక పాత కార్ల వ్యాపారి వద్ద కొన్నారు. కారు పైన ఎర్ర దీపం, అద్దం మీద హోం శాఖ పేరుతో నకిలీ స్టిక్కరు ఆ తర్వాత వచ్చి చేరాయి. ఇరవై నాలుగేళ్ల అనంతరం, 2025 నవంబర్ 10 సాయంత్రం ఎర్రకోట మెట్రో స్టేషన్ సమీపంలో పేలి పది మందికి పైగా ప్రాణాలు తీసిన తెల్ల హ్యుందాయ్ ఐ20 కూడా పలు చేతులు మారిన పాత కారే. హర్యానా నంబరు పట్టుకుని బయలుదేరిన పోలీసులు మొదట చేరింది గురుగ్రామ్‌లో ఆ కారును ఎప్పుడో అమ్మేసిన మనిషి వద్దకు. అక్కడి నుంచి ఓఖ్లా, ఫరీదాబాద్ మీదుగా అమ్మకాల గొలుసును ఒక్కొక్క లంకె చొప్పున వెతుక్కుంటూ పోవలసి వచ్చింది.

ఈ రెండు ఘటనలూ అసాధారణమైనవి. కానీ అవి బయటపెట్టిన లోపం అతి సాధారణమైనది. దేశ రాజధాని ప్రాంతంలో కారు ఒకచోట, దాని కాగితం మరొకచోట ఉండటం కొత్త కాదు. పాత కారు కొనబోయే మధ్యతరగతి ఉద్యోగి బానెట్ ఎత్తి ఇంజిన్ చూస్తాడు, టైర్లు తడతాడు, హారన్ మోగిస్తాడు. నిజానికి ఢిల్లీలో పాత కారు విలువను అర్ధ శతాబ్దానికి పైగా నిర్ణయిస్తూ వచ్చింది ఇంజిన్ కాదు, సచివాలయాలూ న్యాయస్థానాలూ. ఒక్కో కాలంలో రాజ్యం ఏమి రాసిందో దాన్నిబట్టే కొనుగోలుదారుడు చూడవలసినదీ మారింది.

లైసెన్సుల కాలంలో కారు కొనడమంటే వరుసలో నిలబడటం. ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ చేసే అంబాసిడర్, బొంబాయిలో ప్రీమియర్ చేసే ఫియట్, మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ చేసే హెరాల్డ్: ఇంతే సంత. ఎన్ని కార్లు చేయాలో, ఎంతకు అమ్మాలో, ఎవరికి ముందు ఇవ్వాలో ప్రభుత్వమే చెప్పేది. 1959 నాటి మోటారు కార్ల పంపిణీ, అమ్మకాల నియంత్రణ ఉత్తర్వు ఆ వ్యవస్థకు ఆధారం. కారు ధర ఎంత ఉండాలన్న వివాదం 1971లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసే దేశంలో, చేతిలో ఉన్న పాత కారు రాని కొత్త కారు కంటే ప్రియం కావడం సహజం. షోరూం నుంచి బయటికి వచ్చిన కారుకు అదే రోజున అధికార ధర కంటే ఎక్కువ పలికేది. ఢిల్లీలో దీనికి తోడు మరో ప్రత్యేక వాకిలి ఉండేది. విదేశీ దౌత్యవేత్తలు తిరిగి వెళుతూ వదిలిన దిగుమతి కార్లు స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా చేతులు మారేవి. రాజధానిలో పలుకుబడికి అదొక కొలబద్ద.

ఆనాటి కొనుగోలుదారుడు కండిషన్ గురించి అడగలేదని కాదు. అడిగినా బేరమాడే స్థితిలో లేడు. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేయించి పొగగొట్టం వెనక నిలబడటం ఆ తరం నేర్చుకున్న విద్య. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోందని, అంటే ఇంజిన్ బోర్‌కు వచ్చిందని అర్థం. నల్ల పొగ అయితే పెట్రోల్ ఎక్కువగా పోతోంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే నీళ్లు సిలిండర్‌లోకి దిగుతున్నాయని అనుమానించాలి. ముందే వేడి చేసి ఉంచిన ఇంజిన్ చాలా రోగాలను దాచిపెడుతుంది కనుక, అమ్మేవాడు ‘ఇప్పుడే తిప్పి తెచ్చాను’ అన్నాడంటే మర్నాడు పొద్దున రావడమే ఉత్తమమని పాత మెకానిక్కులు చెప్పేవారు. ఏ రోగం బయటపడినా కశ్మీరీ గేట్‌లో విడిభాగం దొరికేది, వీధి మలుపులో దాన్ని బిగించేవాడు దొరికేవాడు. కారు ఎప్పటికీ చావదన్న నమ్మకం మీద ఆ సంత నడిచింది. వయసు అన్నది అప్పట్లో లోపం కాదు.

1983 డిసెంబర్ 14న గుర్గావ్‌లో ఇందిరా గాంధీ చేతుల మీదుగా తొలి మారుతీ 800 తాళాలు యజమానికి అందాయి. సంజయ్ గాంధీ వైఫల్యంగా మొదలై, 1977లో మూతపడి, తిరిగి అధికారంలోకి వచ్చాక జాతీయమై, జపాన్ సుజుకీ చేతితో బతికిన ఆ కర్మాగారం రాజకీయ చరిత్ర వేరే పెద్ద కథ. పాత కార్ల సంతకు అది చేసిన మేలు మాత్రం స్పష్టం. తొలి ఏళ్లలో మారుతీకీ వరుసలే ఉన్నాయి. 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు ఎత్తివేసి కొత్త కంపెనీలు వచ్చాక, పాత కారు తొలిసారిగా పాత వస్తువు ధరకు దిగింది. కొనేవాడికి బేరం చేతికి వచ్చింది, అమ్మేవాడికి దాచవలసిన అవసరం వచ్చింది. మీటరు వెనక్కి తిప్పడం, గుద్దుకున్న కారుకు టింకరింగ్ చేసి మెరుగు పెట్టడం వృత్తి నైపుణ్యాలుగా ఎదిగిన కాలం ఇదే.

ఈ మోసాలకు విరుగుడు కూడా కారులోనే ఉంటుంది. మీటరు ముప్పై వేలంటుంటే బ్రేకు పెడల్ రబ్బరు అరిగి నున్నబడి ఉండకూడదు. డోరుకూ బాడీకీ మధ్య సందు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ ఉంటే, బానెట్ కింద బోల్టుల తలల మీద రంగు చిట్లి ఉంటే, ఆ భాగం ఎప్పుడో ఊడి బిగిసింది. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం; కారు కంటే టైర్లు చాలా కొత్తవైతే ఎంత తిరిగిందో ఊహించుకోవచ్చు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడాలి. కారు నీట మునిగి ఉంటే సీటు కవర్లు మార్చినవాడు కూడా ఆ చుట్టలోని బురద చారను మరిచిపోతాడు. 2023 జులై 13న ఢిల్లీలో యమున 208.66 మీటర్లకు పెరిగి 1978 నాటి రికార్డును దాటిన తర్వాత ఈ పరీక్షకు రాజధానిలో విలువ పెరిగింది.

ఇంత చూసినా, చట్టం కొనుగోలుదారుడికి పెద్దగా అండగా లేదు. 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం 16వ సెక్షన్, కొన్ని మినహాయింపులు తప్ప, అమ్మిన వస్తువు నాణ్యతకు హామీ ఉన్నట్టు భావించరాదనే చెబుతుంది. అదే చట్టాన్ని మనకు ఇచ్చిన బ్రిటన్ మాత్రం 1960లోనే పాత కార్లకు తప్పనిసరి పరీక్ష పెట్టింది. అక్కడ మూడేళ్లు నిండిన ప్రతి కారూ ఏటా పరీక్షకు వెళుతుంది. నంబరు కొడితే చాలు, గత పరీక్షల ఫలితాలూ, ఆనాటి మీటరు అంకెలూ ఎవరైనా చూడవచ్చు. జపాన్‌లో కొత్త కారుకు మూడేళ్లకు, తర్వాత ప్రతి రెండేళ్లకు పరీక్ష. భారతదేశంలో సొంత కారును ఒకసారి రిజిస్టర్ చేయిస్తే పదిహేనేళ్లదాకా దాని బ్రేకులు ఎలా ఉన్నాయని అడిగే అధికారి లేడు. కాలుష్య ధ్రువపత్రం ఒక్కటే మధ్యలో అడ్డుపడే కాగితం. అది పొగను కొలుస్తుంది, కారును కాదు.

కండిషన్‌ను కొలవలేని రాజ్యం వయసును కొలవడం మొదలుపెట్టింది.

దీనికి బీజం ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యాల్లో ఉంది. 1998 జులై 28న ఢిల్లీ బస్సులను సీఎన్‌జీకి మార్చాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. 1999 ఏప్రిల్‌లో రాజధాని ప్రాంతంలో కొత్త కార్లకు యూరో ప్రమాణాలను తప్పనిసరి చేసింది. బంకుల వద్ద సీఎన్‌జీ దొరకడంతో సొంత కార్లకూ కిట్లు బిగించుకోవడం ఢిల్లీ అలవాటైంది. అందువల్ల ఇక్కడి పాత కారులో చూడవలసినవి రెండు పెరిగాయి. గ్యాసు సిలిండర్‌కు మూడేళ్లకోసారి జరగవలసిన పీడన పరీక్ష తేదీ దాని మీద ఉన్నదా? కిట్ సంగతి ఆర్‌సీలో నమోదైందా? నమోదు కాని కిట్ ఉన్న కారుకు ప్రమాదం జరిగితే బీమా కంపెనీకి తప్పించుకునే దారి దొరికినట్టే.

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 నవంబర్ 26న పదిహేనేళ్లు దాటిన వాహనాలను, 2015 ఏప్రిల్ 7న పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలను ఢిల్లీ రోడ్ల మీద తిరగరాదంది. అదే ఏడాది డిసెంబర్‌లో సుప్రీంకోర్టు రెండు వేల సీసీ పైబడిన డీజిల్ కార్ల రిజిస్ట్రేషన్‌ను ఆపింది. ఎనిమిది నెలల తర్వాత ఒక శాతం హరిత సుంకంతో వదిలింది. 2018 అక్టోబర్ 29న ట్రిబ్యునల్ ఆదేశాన్ని సుప్రీంకోర్టు బలపరిచింది. ఇంజిన్ ఎంత ఆరోగ్యంగా ఉన్నా రిజిస్ట్రేషన్ తేదీ నుంచి లెక్క నడుస్తుంది. ఆరేళ్ల డీజిల్ కారు కొన్నవాడు నిజానికి నాలుగేళ్ల కారు కొన్నట్టు. ఢిల్లీలో డీజిల్ కార్లు ఆశ్చర్యపరిచేంత చవగ్గా దొరకడం వెనక రహస్యం ఇంతే. ఆ చవకను చూసి హైదరాబాద్, విజయవాడ నుంచి వచ్చి కొనుక్కుపోయేవారు తక్కువేమీ కాదు. అయితే ఢిల్లీ రవాణా శాఖ నిరభ్యంతర పత్రం, సొంత రాష్ట్రంలో కట్టవలసిన జీవితకాల పన్ను కలుపుకున్నాక ఆ చవక ఎంత మిగులుతుందో బయలుదేరే ముందే లెక్కవేసుకోవాలి.

2025 జులై 1న ఈ విధానం తన అంచును తాకింది. గడువు తీరిన వాహనాలకు ఇంధనం పోయవద్దని వాయు నాణ్యత నిర్వహణ కమిషన్ ఆదేశించడంతో బంకుల్లో నంబరు ప్లేట్లు చదివే కెమెరాలు పని మొదలుపెట్టాయి. రెండు రోజులు గడవకముందే ఢిల్లీ ప్రభుత్వం వెనక్కి తగ్గి, అమలు ఆపాలని కమిషన్‌కు లేఖ రాసింది. ఆగస్టు 12న సుప్రీంకోర్టు యజమానులపై బలవంతపు చర్యలు వద్దంది. డిసెంబర్ 17న ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే కుదించింది. పొగను చూడాలి కానీ పుట్టిన తేదీని కాదని ప్రభుత్వమే కోర్టులో వాదించిన తీరు విచిత్రం. పొగను, బ్రేకును, చాసిస్‌ను ఏటా చూసే వ్యవస్థను నిర్మించవలసిన బాధ్యత ఏ వాదీ, ఏ ప్రతివాదీ తన మీద వేసుకోలేదు.

ఇక పేరు సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 50వ సెక్షన్ ప్రకారం, అదే రాష్ట్రంలో అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో, కొన్నవాడు ముప్పై రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. ఆచరణలో సంతకం చేసిన ఖాళీ ఫారాలు 29, 30 కారుతోపాటు దళారీ సొరుగుకు చేరతాయి. తర్వాతి కొనుగోలుదారుడు దొరికేదాకా అక్కడే ఉంటాయి. దీని ఫలితం నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో కనిపిస్తుంది. 2007లో అమ్మిన కారు వరుసగా చేతులు మారి, 2009లో ప్రమాదం చేసింది. పేరు మాత్రం మొదటి మనిషిదే. 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు రిజిస్టర్లో ఉన్నవాడే యజమాని, పరిహారం అతడిదే అని తేల్చింది. బాధితుడు ఎవరెవరి వెంటో తిరగనక్కరలేదన్న ఆ తీర్పు న్యాయమైనదే. అమ్మి మరిచిపోయినవాడికి మాత్రం అది పిడుగు. 2023 ఏప్రిల్ 1 నుంచి అధీకృత డీలరుకు కారు అప్పగించిన సమాచారాన్ని ఆన్‌లైన్లో నమోదు చేసి, బాధ్యతను డీలరు మీద పెట్టే నిబంధనలు వచ్చాయి. ఎర్రకోట వద్ద పేలిన కారు గొలుసు, నిబంధనకూ సంతకూ మధ్య దూరం ఇంకా ఎంత ఉందో చూపింది.

డిసెంబర్ ఉత్తర్వు తర్వాత రాజధాని ప్రాంతంలో పాత కారు కొనేవాడు ఆర్‌సీలో మొదట వెతకవలసిన గడి ఉద్గార ప్రమాణానిది. ఇక్కడ ఒక చిక్కుంది. 2010లో బీఎస్-4 ఢిల్లీ, హైదరాబాద్ సహా పదమూడు నగరాలకే వచ్చింది. దేశమంతటికీ విస్తరించింది 2017 ఏప్రిల్ 1న. అంటే 2012లో ఒకే కర్మాగారం నుంచి వచ్చిన రెండు పెట్రోల్ కార్లలో ఢిల్లీలో రిజిస్టరైనది బీఎస్-4, ఎక్కడో జిల్లా కేంద్రంలో రిజిస్టరైనది బీఎస్-3 కావచ్చు. చలికాలంలో కాలుష్య ఆంక్షలు మూడో దశకు చేరినప్పుడు ఆ బీఎస్-3 కారు, దాంతోపాటు పదేళ్లు నిండని బీఎస్-4 డీజిల్ కారు కూడా ఢిల్లీ, గురుగ్రామ్, ఫరీదాబాద్, ఘాజియాబాద్, నోయిడాల్లో ఇంటి ముందే ఆగిపోతుంది. ముందు అద్దం మీద 2018 నుంచి అంటిస్తున్న హోలోగ్రాం స్టిక్కరు లేతనీలమైతే పెట్రోల్ లేదా సీఎన్‌జీ, నారింజ అయితే డీజిల్ అని చెబుతుంది. ప్రమాణం సంగతి ఆర్‌సీలోనే చూసుకోవాలి. వాహన్ పోర్టల్‌లో నంబరు కొట్టి తేదీ, ప్రమాణం, అప్పు తాకట్టు, బీమా గడువు చూసుకుని, చాసిస్ మీది అంకెలను కాగితంతో ఒక్కొక్కటిగా సరిపోల్చి, అమ్ముతున్న మనిషి పేరే రిజిస్టర్లో ఉందని తేలాక, అప్పుడు పొద్దున్నే వెళ్లి చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేయమనాలి.