బేస్ పెడల్‌కు తిరిగొచ్చిన మూడో తీగ

తొలినాళ్ల టెలిఫోను లైనుకు ఒకటే తీగ. మాట తీగ మీద వెళ్లేది, కరెంటు నేలలో నుంచి తిరిగొచ్చేది. తీగ ఖర్చు సగం కలిసొచ్చేది గానీ, అదే నేలను వాడుకునే టెలిగ్రాఫు టకటకలు, ఆ తర్వాత ఎలక్ట్రిక్ ట్రాముల రొద అన్నీ ఫోనులో వినిపించేవి. 1881లో గ్రాహంబెల్ రెండు తీగల్ని మెలిపెట్టి వాడే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. బయటి రొద రెండు తీగల మీదా సమానంగా పడుతుంది. అవతలి కొసన వినేది రెండింటి మధ్య తేడానే కాబట్టి రొద రద్దై, మాట మిగులుతుంది.

ఎక్స్ఛేంజీల్లో ఆపరేటర్లు వాడిన పావు అంగుళం పిన్నులో ఈ విద్యే ఇమిడి ఉంది. టిప్, రింగ్ అనే రెండు భాగాలు మాటను మోసేవి. మూడోదైన స్లీవ్ లైను ఖాళీగా ఉందో లేదో చెప్పేది. గిటార్లు, ఆంప్లిఫయర్లు చేసేవాళ్లు ఆ గట్టి జాక్‌ను తీసుకున్నారు, రింగ్‌ను మాత్రం వదిలేశారు. సంకేతం టిప్ మీద, మిగతా బరువంతా స్లీవ్ మీద: తిరుగు దారి అదే, షీల్డూ అదే, గ్రౌండూ అదే. బెల్ వదిలించుకున్న చిక్కు సంగీతంలోకి ఈ దారినే మళ్లీ వచ్చింది.

ఆ చిక్కు అందరికంటే ఎక్కువగా తగిలేది బేస్ గిటారు వాయించేవాళ్లకే. శబ్దాన్ని కావాలనే బొంగురుగా చేసే ఫజ్ పెడల్‌కు మూలమైన శబ్దం పుట్టింది కూడా బేస్ మీదే. 1960లో నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట ‘డోంట్ వర్రీ’ రికార్డు చేస్తుండగా, గ్రేడీ మార్టిన్ వాయించిన ఆరు తీగల బేస్ ఒక చెడిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెళ్లి బొంగురుగా గర్జించింది. ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ శబ్దాన్ని ట్రాన్సిస్టర్లతో తిరిగి పట్టుకున్నాడు. 1962లో అది మాయెస్ట్రో ఫజ్‌టోన్ పెడల్‌గా బజారుకొచ్చింది.

ఫజ్ సంకేతాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది, దాంతోపాటు రొదనూ పెంచుతుంది. మన ఇళ్లలో కరెంటు 50 హెర్ట్జ్. బేస్‌లో అన్నిటికంటే మందమైన ఇ తీగ 41 హెర్ట్జ్, దాని పక్క ఏ తీగ 55. ఇ తీగ మూడో ఫ్రెట్ మీద వచ్చే జి స్వరం 49. అంటే కరెంటు గుయ్‌మనేది సరిగ్గా బేస్ పాడే చోటే. గిటారు వాయించేవాళ్లు కింది శ్రుతుల్ని కోసేసి ఆ గుయ్‌మోతను కొంతైనా తగ్గించుకోగలరు. బేస్‌లో అలా కోస్తే పోయేది సంగీతమే. అందుకే బేస్ పెడల్ చేసేవాళ్లు గ్రౌండు దారులు ముందు గీసుకుని, ఆ తర్వాతే సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవాలంటాను.

లోహపు జాక్ నట్టు బిగించగానే అల్యూమినియం డబ్బా కూడా స్లీవ్‌కు కలిసిపోతుంది. ప్లాస్టిక్ జాక్ అలా కలవదు. రెండు వైపులా ప్లాస్టిక్ జాక్‌లే పెట్టి, డబ్బాకు విడిగా గ్రౌండు తీగ వేయడం మరిచిపోతే, షీల్డు కావాల్సిన డబ్బా యాంటెన్నా అవుతుంది. రెండూ లోహపువైతే చిన్న పెడల్ చాలాసార్లు బాగానే పనిచేస్తుంది గానీ, కరెంటు ఏ దారిన తిరుగుతుందో మన చేతిలో ఉండదు. ఇన్‌పుట్ దగ్గర లోహపు జాక్, అవుట్‌పుట్ దగ్గర ప్లాస్టిక్ జాక్, డబ్బాకు గ్రౌండు ఒక్క చోటే: నా ఓటు దీనికి. బ్యాటరీ ఉంటే ఇన్‌పుట్‌కు స్టీరియో జాక్ వేస్తారు. మామూలు మోనో పిన్ను దూర్చగానే దాని స్లీవ్ రింగ్‌ను గ్రౌండుకు కలుపుతుంది, బ్యాటరీ పని మొదలుపెడుతుంది. వదిలేసిన రింగ్ ఇక్కడ స్విచ్‌గా మారింది.

సంకేతాన్ని మోసే అసలు పనిలోకి రింగ్ తిరిగొచ్చింది మూడు పిన్నుల ఎక్స్‌ఎల్ఆర్ అవుట్‌పుట్‌తో. డెట్రాయిట్‌లో మోటౌన్ స్టూడియో 1960లలోనే జేమ్స్ జేమర్సన్ బేస్‌ను ఆంప్ లేకుండా నేరుగా మిక్సర్‌కు కలిపి రికార్డు చేసింది. 1992లో టెక్ 21 కంపెనీ తెచ్చిన శాన్స్‌ఆంప్ బేస్ డ్రైవర్ అలా నేరుగా కలిపే సౌకర్యాన్ని (దీన్నే డీఐ అంటారు) పెడల్‌లోనే పెట్టింది. ఎక్స్‌ఎల్ఆర్‌లో రెండో, మూడో పిన్నులు సంకేతానికి, ఒకటో పిన్ను షీల్డుకు. బెల్ జంట తీగలే ఇవి.

అక్కడా ఒక తప్పు చాలాకాలం నడిచింది. తయారీదారులు ఒకటో పిన్నును సర్క్యూట్ బోర్డు గ్రౌండుకు కలిపేవారు. దాంతో కేబుల్ షీల్డు మోసుకొచ్చే రొద కరెంటు సర్క్యూట్ లోపల తిరిగి సంకేతంలో కలిసేది. 1995లో నీల్ మన్సీ ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో ఈ లోపాన్ని విడమరిచి రాశారు. ఒకటో పిన్ను నేరుగా డబ్బా లోహానికే కలవాలని 2005లో ఏఈఎస్48 ప్రమాణం వచ్చింది.

పెడల్ జాక్ అవుట్‌పుట్ ఆంప్‌కు, ఎక్స్‌ఎల్ఆర్ అవుట్‌పుట్ మిక్సర్‌కు వెళ్లాయనుకోండి. ఆ రెండింటికీ ప్లగ్గులో ఎర్త్ ఉంటుంది కాబట్టి గ్రౌండు పెద్ద చుట్టుగా మారి మోత మొదలవుతుంది. ఆ చుట్టును తెంచేది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్. అది ఒకటో పిన్ను దారిని మాత్రమే తెంచాలి. జాక్ స్లీవ్‌ను తెంచితే బేస్ సంకేతానికి తిరుగు దారే ఉండదు. ఆంప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేయడమైతే ప్రాణాలతో చెలగాటం. 1972లో స్వాన్సీలో ఎర్త్ సరిగా లేని మైకును తాకి గిటారిస్టు లెస్ హార్వే వేదిక మీదే చనిపోయాడు. లిఫ్ట్ స్విచ్‌కు అయ్యే ఖర్చు చాలా తక్కువ. ఎక్స్‌ఎల్ఆర్ పెట్టే ప్రతి పెడల్‌లోనూ దాన్ని పెట్టండి.