దవడ పళ్లు అరిగి జివ్వుమంటున్నాయా? చికిత్స ఇదీ..

చల్లటి నీళ్లు తాగినా, వేడి చాయ్ తాగినా దవడ పళ్లు జివ్వుమంటున్నాయంటే పంటి పై పొర ఎనామిల్ అరిగిందేమో చూపించుకోవాలి. దాని కింది డెంటిన్‌లో కంటికి కనపడని సన్నని గొట్టాలుంటాయి. పై పొర పోతే చలి, వేడి, పులుపు వీటి గుండా నరాన్ని తాకుతాయి. అరిగిన ఎనామిల్ మళ్లీ పెరగదు.

కారణాలు: నిద్రలో పళ్లు కొరకడం, వక్క, గుట్కా నమలడం, కూల్‌డ్రింకులు, ఎసిడిటీ, గరుకు పళ్లపొడి.

నొప్పి క్షణంలో పోతుంటే: 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్ట్‌తో, మెత్తటి బ్రష్‌తో రోజూ 2 సార్లు తోమాలి. గుణం కనపడటానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. పులుపు తిన్న వెంటనే తోమొద్దు, అరగంట ఆగాలి.

అయినా తగ్గకపోతే: డెంటిస్ట్ ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తారు. పంటిలో గుంట పడితే ఫిల్లింగ్, బాగా అరిగి పొట్టిదైపోతే క్యాప్ వేస్తారు. నిద్రలో పళ్లు కొరికేవాళ్లకు నైట్ గార్డ్ ఇస్తారు. అది పెట్టుకోకపోతే వేయించిన ఫిల్లింగ్ కూడా అరిగిపోవచ్చు, విరిగిపోవచ్చు.

ఆలస్యం వద్దు: చల్లటిది తాగాక నొప్పి చాలాసేపు ఉంటున్నా, రాత్రి నిద్ర లేపుతున్నా లోపలి నరం దెబ్బతిన్నట్టు కావొచ్చు. అప్పుడు పేస్ట్ పని చేయదు, రూట్ కెనాల్ అవసరం పడొచ్చు. ప్రైవేట్‌లో ఖర్చు భరించలేనివాళ్లు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆస్పత్రిలో చూపించుకోవచ్చు. పేస్టులు మారుస్తూ నెలలు గడిపేస్తే చివరికి పన్నే పీకించుకోవాల్సి రావొచ్చు.