నెలల పేర్లు పెట్టుకున్న పువ్వులు

క్యాబేజీ నారు, కాలీఫ్లవర్ నారు రెండాకుల మీద ఉండగా పక్కపక్కన పెడితే పాత రైతులు కూడా తడబడతారు. రెండూ ఒకే జాతి, ఆవ కుటుంబం. అయినా ఈ దేశంలో వాటి కథలు వేరువేరు దారుల్లో నడిచాయి. పలమనేరులో నారు పెంచి అమ్ముతాను, ఆ తేడాతో నాకు రోజూ పని పడుతుంది.

కాలీఫ్లవర్ విత్తనం 1822లో ఇంగ్లండు నుంచి సహారన్‌పూర్ కంపెనీ తోటకు వచ్చిందని ఉద్యాన పుస్తకాలన్నీ రాస్తాయి. ఆ తోటకు పేరొచ్చింది. ఆ తర్వాత వందేళ్ల పాటు అసలు పని చేసిన ఉత్తరాది రైతుల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. వేడికీ వానకూ ఓర్చుకుని మిగతావాటికంటే ముందు పువ్వు పట్టిన మొక్కను వాళ్లు కోయకుండా విత్తనానికి వదిలారు. మరుసటేడు ఆ విత్తనమే పోశారు, మళ్లీ ఏరారు. ఈ మొక్కకు తన పుప్పొడి తనకు సరిగా పనికిరాదు, పక్క మొక్కది తేనెటీగ తేవాల్సిందే. అలా రకాలు కలిసి ఏటా కొత్తవి పుడుతూ వచ్చాయి కాబట్టే ఏరుకోవడానికి అంత అవకాశం దొరికింది. చలిదేశపు మొక్కకు ఇరవై, ఇరవై అయిదు డిగ్రీల వేడిలో కూడా పువ్వు పట్టడం మొదలైంది. ఇది చిన్న పని కాదు.

ఆ రకాలను వాళ్లు నెలల పేర్లతోనే పిలిచారు. ఆశ్వయుజంలో కోతకొచ్చేది కువారీ, కార్తీకంలో కాత్కీ, మార్గశిరంలో అగహనీ, పుష్యంలో పూసీ, మాఘంలో మాఘీ. పేరు తెలిస్తే నారు ఎప్పుడు పోయాలో వెనక్కి లెక్కేసుకోవచ్చు. తర్వాత ఢిల్లీ వ్యవసాయ పరిశోధనా సంస్థ ఇచ్చిన పూసా కాత్కీ, పూసా దీపాలీ కూడా ఈ దేశవాళీ వరసలోవే. మంచులా తెల్లగా గట్టిగా ఉండే స్నోబాల్ రకాలు వేరు, వాటికి పది నుంచి పదహారు డిగ్రీల చలి కావాలి.

క్యాబేజీకి ఆ అదృష్టం పట్టలేదు. మొక్క పెరిగాక కొన్ని వారాలు గట్టి చలి తగిలితే గానీ అది పూతకు రాదు. మైదానంలో విత్తనమే కట్టకపోతే రైతు దేన్ని ఏరుకుంటాడు? అందుకే దాని విత్తనం ఓడల్లో వచ్చేది. రెండో ప్రపంచయుద్ధంలో ఆ రాక ఆగిపోతే చలిదేశపు కూరగాయల విత్తనాలను క్వెట్టాలో పండించడం మొదలుపెట్టారు. దేశ విభజనలో క్వెట్టా పాకిస్తాన్‌కు పోయింది. 1949లో కులూ లోయలోని కట్రాయిన్‌లో ఆ పని మళ్లీ మొదటి నుంచి మొదలైంది.

విత్తనం ఎక్కడి నుంచి వచ్చినా నారు పోయడం మాలాంటి వాళ్ల పని. మా నాయన రోజుల్లో ప్లాస్టిక్ ట్రేలు లేవు. అరడుగు ఎత్తు, మూడడుగుల వెడల్పు మడులు కట్టి, బాగా మాగిన దిబ్బ ఎరువు కలిపి, వరసల్లో విత్తనం పోసి వరిగడ్డి కప్పేవాళ్లు. మడి ఎత్తుగా లేకపోతే ముసురు పట్టినప్పుడు నీళ్లు నిలిచి, నేలను ఆనుకున్న చోట కాడ కుళ్లి, తెల్లారేసరికి నారు వరసలు వరసలుగా పడిపోయేది. మొలక కనబడ్డ సాయంత్రమే గడ్డి తీసేయాలి. ఒక్క పూట బద్ధకిస్తే వెలుతురు లేక కాడ సాగి తెల్లగా పాలిపోతుంది, ఆ నారు పొలంలో నిలబడదు. ఇప్పుడు షేడ్‌నెట్ కింద తొంభై ఎనిమిది గుంతల ప్రోట్రేలు, కొబ్బరి పొట్టు. వేరు తెగకుండా పాతిక, ముప్పై రోజులకు నారు చేతికొస్తుంది. ఇది నిజంగా మేలు.

అయితే ట్రే వచ్చిందని నెల మారదు. చలిరకం నారును ఎండల్లో నాటితే ఆకు గుబురుగా పెరుగుతుంది, పువ్వు మాత్రం పట్టదు. వేడిరకాన్ని ఆలస్యంగా చలిలో నాటినా, నారు ముదిరాక నాటినా, మొక్క ఎదగకముందే చొక్కా గుండీ అంత పువ్వు పట్టి ఆగిపోతుంది. రైతు దాన్ని విత్తనం తప్పనుకుంటాడు. హైబ్రిడ్ ప్యాకెట్ మీద రకం పేరు పెద్దక్షరాల్లో, విత్తే కాలం చిన్నక్షరాల్లో ఉంటుంది. నారు అడగడానికి వచ్చినవాళ్లకు ముందు ఆ చిన్నక్షరాలు చదివి వినిపిస్తాను. కోత ఏ నెలలో కావాలో చెప్పాకే ట్రేలు నింపుతాను.